రాజమండ్రి ఒప్పుకున్న పేజీలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, నేను ఊళ్లో లేనప్పుడు, మా అమ్మ ఫోన్ చేసింది. "సారు పోయిండు బిడ్డా. చాయ్ ఇద్దామని పైకి పోతే లేవలే," అని ఏడ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పైవాటాలో ఇరవై ఏళ్లు కిరాయికున్న చరిత్ర మాస్టారు ఆయన. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. మాకు చుట్టమేమీ కాదు, అయినా ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

రాజమండ్రిలో బడి మాస్టారుగా చేసి, ఇక్కడి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చారు. నోరు తెరిస్తే "మా రాజమండ్రిలో" అనేవారు. మా నాన్న ఊరుకునేవాడు కాదు.

"మీ రాజమండ్రిల సూర్యుడు గూడ రెండుసార్లు పొడుస్తడా సారూ?"

"రెండుసార్లేనండి. ఒకటి ఆకాశంలో, ఒకటి గోదాట్లో."

సొంత ఊరి మీద అంత పిచ్చి ఉన్నా, మా నదిని ఏనాడూ చిన్నచూపు చూడలేదు. ఓసారి నాగోలు వంతెన మీద నేను ముక్కు మూసుకుంటే కసిరారు. "ఆ వాసన మనం పెట్టిందమ్మాయ్, మూసీది కాదు." నాకు సిగ్గేసింది.

పదేళ్లుగా ఆయన తన ఊరి చరిత్ర రాస్తున్నారు. "ఏలిన రాజుల సంగతి అందరూ రాశారు. రేవులో బట్టలుతికేవాళ్ల సంగతి ఎవరు రాశారు?" అనేవారు. అందులో ఆయనకో పట్టుదల. రాసిన ప్రతి పేజీనీ ఆ సంగతి ఎరిగిన అక్కడి మనిషికి ఫోన్లో చదివి వినిపించాలి. వాళ్లు అవునన్నాకే పేజీ చివర టిక్కు. టిక్కు లేనిది పుస్తకంలోకి పోకూడదు. ఆయనకు చూపు మందగించాక ఆ చదివే పని నాకు పడింది.

లాంచీలు బయల్దేరే రేవు అది కాదని ఒక పూలమ్మే మామ్మ అన్నందుకు నాలుగు పేజీలు కొట్టేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఇన్ని పుస్తకాలు చూసి రాసిన్రు గద సార్, ఆమె ఒక్క మాటకే కొట్టేస్తరా?" అన్నాను.

"పుస్తకాలు రాసినవాళ్లు ఆ లాంచీ ఎక్కలేదమ్మాయ్. ఆవిడ ఎక్కింది."

అంత చదువుకుని అలా తల వంచగల మనిషిని నేను మరొకరిని చూడలేదు.

చివరి అధ్యాయం ఆయన ఇక్కడికి రాకముందు వచ్చిన గోదావరి పెద్ద వరద గురించి. నది మధ్య లంకల్లో చిక్కుకున్నవాళ్లను పడవవాళ్లు ఎలా ఒడ్డుకు చేర్చారో రాశారు. అప్పటి పడవవాళ్లలో మిగిలిన ఒక పెద్దాయనకు అది వినిపించాలి. మాస్టారు ఒంట్లో బాగోక "రేపు చేద్దాం" అంటూ రెండుసార్లు ఆపారు. టిక్కు పడకుండానే వెళ్లిపోయారు. ఆయన లెక్క ప్రకారం ఆ పేజీలు పక్కన పెట్టెయ్యాలి. అంటే ఆ పడవవాళ్లు ఇక ఏ చరిత్రలోనూ ఉండరు. నాకు మనసొప్పలేదు.

పదకొండో రోజు దాటాక ఆ పెద్దాయనకు నేనే ఫోన్ చేశాను. మాస్టారు పోయిన సంగతి చెప్పి, ఆ పేజీలు వినిపిస్తానన్నాను. "చదవండమ్మా" అన్నాడు. చివరిదాకా విని, "తప్పుందండి," అన్నాడు.

"పడవోళ్లు దాటించేరని రాసేరు గానండి, ఆయన సంగతేదండి? మాస్టారు మూడ్రోజులు నా పడవలో తెడ్డేసేరండి. చేతులు బొబ్బలెక్కిపోయేయండి."

ఇరవై ఏళ్లలో మాస్టారు మాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఊరి మనిషి తప్పన్నాక దిద్దాల్సిందే కదా. మాస్టారి గుండ్రటి అక్షరాల కింద నా వంకర రాతతో ఒక వాక్యం చేర్చి, పైకి చదివాను. "ఆ పడవల్లో ఊరి బడి మాస్టారు ఒకరు మూడు రోజులు తెడ్డు వేశారు."

"అవునండి," అన్నాడు పెద్దాయన.

టిక్కు పెట్టాను. అవతల ఎవరో పడవ కట్టమని ఆయన్ను కేకేస్తున్నారు. ఆయన ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.