కార్డు డబ్బా మీద నీళ్ళు

నా కుడి చెయ్యంటే నాకు రోత. మాటవరసకు అనడం లేదు. చాలా ఏళ్ళుగా అన్నం చెంచాతోనే తింటున్నాను. బాపట్లలో పప్పన్నం చెంచాతో తినేవాణ్ణి చూసి మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. మా ఆవిడ ఇప్పటికీ అది నా షోకనే అనుకుంటుంది. ఆ చేత్తో నేనొక పని చేశాను. దాన్ని మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, నలుగురిలో మంచివాడనిపించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోతే నన్ను నేను కాపాడుకునే మాట ఏదో ఒకటి మధ్యలో దూరుస్తాను. ఇక్కడ కూడా దూరుస్తానేమో. కనిపెట్టి ఉండండి.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది అప్పటికి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, తెనాలిలో స్టెబిలైజర్లు బాగుచేసే చిన్న షాపు పెట్టుకున్నాను. రోజూ బాపట్ల నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. తెనాలి ఊరి చివర ప్రసాద్ గారికి కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్ ఉండేది. మూడు షెడ్లు, వెనక బోరు, మోటారు. సూర్యలంక సముద్రానికి వెళ్ళొచ్చిన కార్లు ఎక్కువగా అక్కడికే వచ్చేవి. ఉప్పు ఇసుక అడుగున పట్టుకుంటే ఇనుమంతా తినేస్తుందని డ్రైవర్లకు భయం.

ఆయన ఒకసారి హైదరాబాదులో ఏదో ఆఫీసులో, కార్డు దగ్గరగా చూపిస్తే తలుపు దానంతటదే తెరుచుకోవడం చూసి వచ్చారు. అలాగే కార్డు చూపిస్తే నీళ్ళు రావాలి, డ్రైవరే తన కారు తాను కడుక్కుపోవాలి, చెయ్యగలవా అని నన్నడిగారు. చేస్తానన్నాను. నిద్ర మానుకుని చేశాను. ఒక్కో షెడ్డులో స్తంభానికి ఒక్కో ఇనుప డబ్బా. కౌంటర్లో ముందుగా డబ్బు వేయించుకున్న కార్డును డబ్బా ముందు పెడితే ఆకుపచ్చ లైటు వెలిగి మోటారు ఆన్ అయ్యేది. టైము అయిపోగానే ఆగిపోయేది. తెనాలిలో అలాంటిది ఎవరూ చూడలేదు. కారు లేనివాళ్ళు కూడా వచ్చి చూసిపోయేవారు. పేపరువాళ్ళు వచ్చి ఫొటో తీశారు. అందులో నేను కార్డు పట్టుకుని నవ్వుతూ ఉన్నాను.

మస్తాన్ అక్కడ మొదటి నుంచీ కార్లు కడిగేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నా డబ్బాలు వచ్చాక నిజానికి అతని పని పోవాలి. ప్రసాద్ గారు తీసెయ్యకుండా, కొత్తవాళ్ళకు కార్డు వాడకం చూపించడానికి, షెడ్లలో బురదను పైపు నీళ్ళతో కొట్టి తోసెయ్యడానికి ఉంచుకున్నారు. తన పని లాక్కున్న డబ్బా మీద అతనికి కోపం ఉండాలి కదా? లేదు. పైగా వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, ఇదంతా మా సారే చేశారని గర్వంగా చెప్పేవాడు.

రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత మోటారు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఎక్కడైనా కరెంటు లీకైతే లైను కట్ చేసే బ్రేకరు ఒకటి బోర్డులో పెట్టాను. అదే మాటిమాటికీ పడిపోతోంది. ఒంటినిండా సబ్బు నురగతో కారు, చేతిలో పైపు, నీళ్ళు లేవు. డ్రైవర్లు తిట్టేవారు. ప్రసాద్ గారు నలుగురి ముందూ, ఫొటోలు దిగడం కాదయ్యా, పని చూడు అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

బ్రేకరు పడుతోందంటే దాని పని అది చేస్తోందని అర్థం. ఎక్కడో లీకు ఉంది. అది నాకు తెలుసు. ఎర్త్ గొయ్యి కూడా సరిగా తవ్వించలేదని తెలుసు. షెడ్లు మూసి, మూడు డబ్బాలూ విప్పి వెతకాలి. మూస్తే నేను చేసింది పనికిరానిదని ఊరంతా అంటుంది. అందుకని ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, ఆ బ్రేకరును తప్పించి లైను నేరుగా కలిపేశాను. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత మోటారు ఒక్కసారీ ఆగలేదు. ప్రసాద్ గారు భుజం తట్టారు.

ఇది కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమే. వారం తర్వాత మూడో షెడ్డు డబ్బా మీద చెయ్యి పెడితే చీమలు కుట్టినట్టు చిమచిమలాడింది. నా కుడి చెయ్యి. తీసేశాను. మళ్ళీ పెట్టి చూశాను. మళ్ళీ చిమచిమ. అప్పుడు నేనేం చేశానో తెలుసా? మెయిన్ ఆపానా? ఎవరికైనా చెప్పానా? చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆదివారం చూద్దామనుకుని, రైలు వేళయిందని వెళ్ళిపోయాను. ఆదివారం రాలేదు. ఆ తర్వాత ఆ షెడ్డులోకి వెళితే రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళేవాణ్ణి. అంటే నా ప్రాణం నేను కాపాడుకున్నాను. ఇంతకంటే నీచం ఇంకేముంటుందని అప్పుడెవరైనా అడిగితే జవాబు ఉండేది కాదు. తర్వాత నేనే చూపించాను.

రేపల్లె నుంచి కోటేశ్వరరావు అనే డ్రైవరు వచ్చేవాడు. ఇంకా పెళ్ళికాలేదు, ఇంట్లో తల్లి ఒక్కతే. అద్దె కారు తోలేవాడు. ఆ రోజు పొద్దున్నే ఎవరినో సూర్యలంక తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి మూడో షెడ్డులో కారు పెట్టాడు. ప్యాంటు మడుచుకుని, చెప్పులు విడిచి, తడినేల మీద నిలబడి కడుక్కుంటున్నాడు. టైము అయిపోయి నీళ్ళు ఆగాయి. మళ్ళీ కార్డు చూపించడానికి వచ్చాడు. కార్డు చేతిలోంచి జారింది. వంగి తీసుకుంటూ రెండో చెయ్యి డబ్బా మీద ఆనించాడు. నేను కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆనించిన చెయ్యి ఊడి రాలేదు. నేను మెయిన్ ఆపేసరికి పడిపోయాడు.

మస్తాన్ పక్క షెడ్డులో బురద కొడుతున్నవాడు పైపు పారేసి పరుగెత్తుకొచ్చాడు. అతను, ప్రసాద్ గారు, ఇంకో డ్రైవరు కలిసి కోటేశ్వరరావును ఎత్తి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను రమ్మని పిలిచారు. కరెంటు సంగతి చూసి వస్తానన్నాను.

చూశాను. బ్రేకరును మళ్ళీ లైన్లో కలిపేశాను. చేతులు వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు కాస్త నయంగా ఉండేదేమో. ఆ తర్వాత మూడో షెడ్డు డబ్బా మూత విప్పాను. లోపల కొంచెం చెమ్మ ఉంది, అంతే. నేల మీద ఉన్న తడిగుడ్డ తీసి డబ్బాలో పిండాను. బురద నీళ్ళు తీగల మీంచి కారాయి. మళ్ళీ మూత బిగించాను. అక్కడ ఒక మనిషి ప్రాణం కోసం ముగ్గురు పరుగెడుతున్నారు, ఇక్కడ నేను గుడ్డ పిండుతున్నాను. ఈ చేత్తోనే.

కోటేశ్వరరావు ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

పోలీసులు వచ్చారు, కరెంటు ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. డబ్బా విప్పితే నీళ్ళు. ఇందులోకి ఇన్ని నీళ్ళెలా వచ్చాయని అడిగాడు. ఆలోచించుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. మస్తాన్ పక్కనుంచి ఫోర్సుగా పైపు కొడుతుంటే డబ్బా మీద పడటం చూశానన్నాను. మరి బ్రేకరు ఎందుకు పడలేదంటే, ఒక్కోసారి ఇరుక్కుంటాయండి అన్నాను. చదువుకున్నవాణ్ణి, డబ్బా చేసినవాణ్ణి. ఎందుకు నమ్మరు? మస్తాన్‌ను జీపులో ఎక్కించుకుంటుంటే ఎస్సై గారితో, కావాలని చేసింది కాదండీ, కొట్టకండి పాపం అని కూడా అన్నాను. నా దయ అక్కడి దాకా వచ్చింది.

మూడు రోజులకు వదిలేశారు. పెద్దమనుషులు కూర్చుని, కేసు లేకుండా రాజీ చేశారు. సర్వీసింగ్ మూతపడింది. మస్తాన్ ఒకరోజు నా షాపుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"సార్, నేను డబ్బా మీద కొట్టానంటండీ?"

నేను టంకం పెడుతున్న పని మీంచి తలెత్తలేదు.

"నేను నేల మీదే కొడుతున్నా అనుకున్నా సార్. బురద కాలవలోకి తోస్తన్నా. స్తంభం వైపు తిప్పినట్టు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లా. మీరు చూశారంట కదా. నిజంగా చూశారా?"

ఆ ప్రశ్నలో నింద లేదు. అతనికి నిజంగా తెలుసుకోవాలని ఉంది. నాకు ఒక్క అవకాశం అది. ఒక్క "లేదు" చాలు.

"చూశాను మస్తాన్ భాయ్. పైపు చేతిలో ఉంటే ఎటు తిరిగేదీ మనకే తెలీదు."

అతను తన చేతుల వంక చూసుకున్నాడు.

"అంతే అయ్యుంటదిలెండి. చదువుకున్నోళ్ళు మీరు అబద్ధం ఎందుకు చెబుతారు. నా చేత్తోనే పోయాడన్నమాట."

వెళ్ళిపోయాడు. అంతకుముందు నేను ఒక మనిషి చావుకు కారణమయ్యాను. ఆ రోజు ఇంకో మనిషిని అతని జ్ఞాపకం మీద అతనికే నమ్మకం లేకుండా చేశాను. ఏది పెద్ద పాపం? ఎన్నోసార్లు తూచుకున్నాను. ప్రతిసారీ రెండోదే.

తెనాలిలో మస్తాన్‌కు ఎవరూ పని ఇవ్వలేదు. భార్య రహీమా పుట్టిల్లు పెనుమూడిలో ఉంటే అక్కడికి వెళ్ళిపోయాడు. నేను మరుసటి ఏడు బాపట్లలో ఒకాయనకు అలాంటి డబ్బాలే బిగించాను. అక్కడ ఎర్త్ గొయ్యి దగ్గరుండి తవ్వించాను. బ్రేకరు రెండుసార్లు పరీక్షించాను. ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాను. అవన్నీ ముందే తెలుసన్నమాట. తెలియక జరిగిందని నాకు నేను చెప్పుకునే దారి కూడా నా చేత్తోనే మూసుకున్నాను.

కొన్నేళ్ళ తర్వాత ఇన్వర్టర్ పని మీద రేపల్లె వెళ్ళాను. ఒక వీధిలో మస్తాన్ ఎదురయ్యాడు. ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని రిక్షా దింపుతున్నాడు. కోటేశ్వరరావు తల్లి తిరుపతమ్మ. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి వస్తున్నాడు. వారానికోసారి పెనుమూడి నుంచి వచ్చి ఆమెకు బియ్యం, మందులు తెచ్చిపెడతాడట, ఇల్లు కారితే రేకులు సర్దుతాడట. మొదట్లో ఆమె మొహాన తలుపు వేసేదట. అయినా రావడం మానలేదు. నా చేత్తో పోయిన ప్రాణం కదా సార్, ఆ కొడుకు చేసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా అన్నాడు. అని ఆగలేదు. ఆమె చెవి దగ్గర వంగి, స్టేషన్లో నన్ను కొట్టొద్దని చెప్పింది ఈ సారేనమ్మా, మంచి మనిషి అని గట్టిగా చెప్పాడు. ఆమె నా వైపు చేతులు జోడించింది.

నాకు డోకు వచ్చింది. నిజంగానే మురుగు కాలవ దగ్గర వంగి కక్కుకున్నాను. ఎండదెబ్బ అనుకుని మస్తాన్ పరుగెత్తి సోడా తెచ్చాడు. తాగాను. అప్పుడైనా చెప్పలేదు. బస్సెక్కేదాకా నాతో వచ్చాడు.

పోయినేడు అతను గుండెపోటుతో పోయాడని ప్రసాద్ గారు ఫోన్ చేస్తే తెలిసింది. మొదట నాలో కలిగింది ఊరట. ఇక ఎప్పటికీ బయటపడదన్న ఊరట. దాన్ని గుర్తుపట్టాక నాతో నేను ఒక గదిలో ఉండలేకపోయాను. పెనుమూడి బయలుదేరాను.

రహీమా వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను చెప్పినంతసేపూ ఏరుతూనే ఉంది. బ్రేకరు సంగతి చెప్పాను, తడిగుడ్డ సంగతి చెప్పాను. అయిపోయాక చేట పక్కన పెట్టింది.

"ఆయనకు తెలుసా ఇది?"

"తెలీదమ్మా."

"రంజానుకు కొత్త బట్టలు కట్టేవాడు కాదండీ. మనిషిని చంపినోడికి కొత్త బట్టలేంటి అనేవాడు. నేనూ అదే అనుకున్నా. ఇన్నేళ్ళూ నేనూ అదే అనుకున్నా."

క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపేసింది. రేపల్లెలో ఆ పెద్దామెకు చెప్పారా అని అడిగింది. లేదన్నాను. అయితే ఇక్కడెందుకు కూర్చున్నారు అంది.

రేపల్లె వెళ్ళాను. తిరుపతమ్మకు చూపు బాగా తగ్గింది, చెవుడు పెరిగింది. అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. వినపడలేదు. ఎవరు బాబూ, ఏంటి అంటున్నావు అంది. గొంతు పెంచాల్సి వచ్చింది. ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. సైకిలు మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టాడు.

"మీ అబ్బాయిని మస్తాన్ చంపలేదమ్మా. నేను చంపాను."

నా గొంతెక్కడుందో వెతుకుతున్నట్టు ఆమె ముఖం నా వైపు తిప్పింది.

"మళ్ళీ చెప్పు," అంది.

వీధిలో వాళ్ళు దగ్గరికి వచ్చారు. నేను ఇంకా గట్టిగా మళ్ళీ చెప్పాను.