ఎన్ని వాగుల అవతల

నాది తిరుగుళ్ల ఉద్యోగం. మూడు నెలలు ఒక బడి, మూడు నెలలు ఇంకో బడి. ఆడపిల్లలకు కరాటే నేర్పమని పంపిస్తారు. బండి వెనక ఒక సంచి, సంచిలో రెండు తెల్ల డ్రెస్సులు, నల్ల బెల్టు, దోమతెర. తిరుమలాయపాలెం దగ్గర మా ఊళ్లో అమ్మ ఇప్పటికీ "ఏం నౌకరే నీది, గంగిరెద్దులోళ్ల లెక్క ఊరూరు తిరుగుడు" అంటుంది. నాకు కోపం వస్తుంది. నాకు కోపం తొందరగానే వస్తుంది. అది ముందే చెప్పేస్తే మంచిది, ఈ సంగతిలో దానికీ వాటా ఉంది.

ఆ వానాకాలం నన్ను భద్రాచలం దాటాక అడవిలో ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ బడికి వేశారు. తారు రోడ్డు అయిపోయాక ఒక వాగు, దాని మీద మోకాలెత్తు కల్వర్టు. "వాన గట్టిగ పడితె అవతలోళ్లు అవతల్నే, ఇవతలోళ్లు ఇవతల్నే మేడం" అని వార్డెనమ్మ మొదటి రోజే నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. పిల్లలంతా చుట్టుపక్కల కోయగూడేల వాళ్లు. నాతో తెలుగు మాట్లాడేవాళ్లు, వాళ్లలో వాళ్లు కోయ. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేర్చుకోవాలని కూడా అనిపించలేదు. మూడు నెలల ముచ్చటే కదా అనుకున్నాను.

కరాటేలో మొదట నేర్పేది కొట్టడం కాదు, నిలబడటం. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, గుర్రమెక్కినట్టు గాలిలో కూర్చోవాలి. తొడలు మండిపోతాయి. మొదటి వారం ఒక్క పిల్లా నిమిషం నిలబడలేదు. నవ్వుకుంటూ ఒకరి మీద ఒకరు పడిపోయేవాళ్లు. అరిచాను, గ్రౌండు చుట్టూ పరుగెత్తించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఎనిమిదో రోజు విసుగొచ్చి కథ మొదలుపెట్టాను. ఏ పుస్తకంలోదీ కాదు, అక్కడికక్కడ నోటికొచ్చింది అల్లేశాను. ఏడు వాగుల దేశం అని ఒక దేశం. అందులో ఇల్లూ వాకిలీ లేని ఒక ఆడమనిషి, చేతిలో ఇప్పకర్ర తప్ప ఇంకేమీ లేదు. ఊరూరు తిరుగుతుంది. ఒక ఊళ్లో పులి మనుషుల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుంది. ఇంకో ఊళ్లో ఎండిపోయిన చెట్లు పొద్దుగూకితే నడిచి గుడిసెల దగ్గరికి వస్తాయి. ఆమె వాటితో కొట్లాడి గెలుస్తుంది, కానీ ఏ ఊళ్లోనూ రెండో రోజు ఉండదు. ఎందుకంటే ఆమె వెనక ఒకటి వస్తూ ఉంటుంది. దాన్ని ఎవరూ చూడలేదు. అది వచ్చే దారిలో పిట్టలు కూయవు, పొయ్యి రాజేస్తే అంటుకోదు. అదేమిటో చెప్పే నాకే తెలియదు. పిల్లలు నోరు తెరిచి వింటున్నారు కదా అని దాన్ని వదల్లేదు.

దానికి తోడు ఒక షరతు పెట్టాను. "గుర్రం మీద ఉన్నంతసేపే కథ. ఒక్కతి కింద కూసున్నా కథ బంద్. అందరికీ బంద్."

ఆ షరతు నా గొప్పతనం అనుకున్నాను. పదిహేను రోజుల్లో నలభై మంది పిల్లలు పది నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. చూడటానికి వచ్చిన పై ఆఫీసరు ఫోన్లో వీడియో తీసుకుపోయాడు.

రెండో వరసలో చివరి వైపు ఒక పిల్ల ఉండేది. ఏడో తరగతి. పుల్లలాంటి కాళ్లు. ఎప్పుడూ ఇద్దరు స్నేహితురాళ్ల మధ్యే నిలబడేది. కథ అయిపోగానే రోజూ ఒకటే ప్రశ్న. "వెనకొచ్చేది ఎంత దూరంల ఉంది మేడం?"

"చానా దూరంల ఉంది తియ్" అనేదాన్ని. నా మూడు నెలలు ముగియడానికి వారం ఉందనగా, కథ కూడా తెగ్గొట్టాలి కదా అని రోజుకొక వాగు దాటించడం మొదలుపెట్టాను. ఏడు వాగుల అవతల. మర్నాడు ఆరు. ఆ మర్నాడు ఐదు. పిల్లలు తిండి దగ్గర, బట్టలుతికే దగ్గర, ఎక్కడ చూసినా వాగులే లెక్కపెడుతున్నారని వంటామె చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది.

నాలుగు వాగుల రోజు సన్నగా వాన. ఆ పిల్ల స్వెటర్ వేసుకుని వచ్చింది. పక్కనున్న ఇద్దరూ కోయలో గుసగుసలాడుతున్నారు. "లైన్ల ముచ్చట్లేంది?" అని గద్దించాను. నోళ్లు మూశారు. మూడు వాగుల రోజు చూస్తే వాళ్ల చేతులు ఆ పిల్ల వీపు వెనక ఉన్నాయి. గిల్లుకుంటున్నారనుకుని, "చేతులు ముందటికి!" అని అరిచాను. తీశారు. నేను అటు తిరగగానే మళ్లీ పెట్టారేమో, నాకు తెలియదు.

రెండు వాగుల రోజు ఆ పిల్ల ముఖం చెమటతో మెరిసిపోతోంది. పళ్లు గట్టిగా బిగపట్టి, కళ్లు నా మీద నుంచి తిప్పకుండా నిలబడింది. అందరిలో ఆమెను చూపించి, "చూడుండ్రి, నిలబడితె గిట్ల నిలబడాలె" అన్నాను. చప్పట్లు కొట్టించాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆఖరికి ముందు రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మేసింది. గ్రౌండు అంచున టేకు చెట్ల మీద ఒక్క పిట్ట లేదు. నా కథ నన్నే భయపెడుతోందని నవ్వుకున్నాను. మిగిలిన రెండు వాగులూ ఒక్కసారే దాటేసింది, ఇంక మధ్యలో వాగుల్లేవు, అది ఇవతలి ఒడ్డుకొచ్చి నిలబడింది, రేపు ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది అని ఆపేశాను. "ఇగ సాలు, లేవుండ్రి" అన్నాను.

అందరూ లేచారు. ఆ పిల్ల పడిపోయింది. నేను లేవమన్నాకే పడింది.

ఒళ్లు పట్టుకుంటే నిప్పు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పక్క పిల్లలు ఏడుస్తూ చెప్పారు, సాయంత్రమైతే చలి పుట్టి వణుకుతోందట, పొద్దున్నే లేచి బడికి వస్తోందట. "సెప్పలేదేందే?" అని అరిచాను. "సెప్తె సిక్ రూంల పండబెడతరు మేడం. కథ ఇనరాదు. లైన్ల పడిపోతె అందరికీ బంద్ అంటిరి గదా" అంది ఒకతి.

అంబులెన్స్‌కు ఫోన్ చేశాం, అది వచ్చేలోపే వాన దంచికొట్టి వాగు కల్వర్టు మీదికి వచ్చేసింది. అంబులెన్స్ అవతలే ఆగిపోయింది. పిల్లను చున్నీతో నా వీపుకు కట్టుకుని నీళ్లలోకి దిగాను. ముందు వాచ్‌మన్ తాడు పట్టుకుని, వెనక ఆ స్నేహితురాళ్లలో పెద్దది, వద్దన్నా వినకుండా నా డ్రెస్ పట్టుకుని. మోకాళ్లు వంచి, కాళ్లు ఎడంగా పెట్టి, అడుగు అడుగు. నేర్చుకున్న విద్య అంతా ఆ నలభై అడుగులకే అన్నట్టుంది. నడిమధ్యలో నా చెవి దగ్గర సన్నగా వినిపించింది.

"వెనకొచ్చేది ఎంత దూరంల ఉంది మేడం?"

"ఏడు వాగుల అవతల ఉంది బిడ్డా. ఇంకా చానా దూరంల ఉంది." నాకు భయమేసింది. వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

పెద్ద దవాఖానాలో వేలు గుచ్చి చూశారు, మలేరియా అన్నారు. పిల్ల అప్పటికి మాట్లాడటం మానేసింది, పిలిస్తే కళ్లు తెరవడం లేదు. "జ్వరం ఎన్ని రోజుల నుంచి? కరెక్టుగ చెప్పండి" అన్నాడు డాక్టరు. మా తర్వాత తాడు పట్టుకుని వాగు దాటి వచ్చిన వార్డెనమ్మ టక్కున, "నిన్నటి నుంచే సార్" అంది. ఆమెకు ఉద్యోగ భయం. నాకు మాత్రం లేదా? రేపు ఎవరు సంతకం పెడితే నాకు ఇంకో బడి వస్తుందో ఆ ముఖాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

నా వెంట వచ్చిన పిల్ల తడి బట్టలతో మూలకు నిలబడి ఉంది. అడగకపోయినా చెప్పింది. "నిన్నటి సంది కాదు సార్. అది నాలుగు వాగుల అవతల ఉన్నప్పటి సంది."

డాక్టరు విసుగ్గా చూశాడు. "ఏంది? ఏ వాగు?" నర్సు కూడా తల అడ్డంగా ఊపింది. ఆ గదిలో పెద్దవాళ్లలో ఆ లెక్క తెలిసింది నాకొక్కదానికే. ఆ క్యాలెండర్ నేను రాసిందే.

ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. రెండు ఊపిర్లు కావచ్చు. అంతసేపు ఊరుకున్నందుకు కూడా నన్ను నేను క్షమించుకోలేదు. "నాలుగు రోజులు సార్. నాలుగు రోజులూ నా ముందే నిలబడ్డది. నేనే నిలబెట్టిన" అన్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూసి, సూది మందు మార్చమని నర్సుకు చెప్పి, పిల్లను లోపలికి తీసుకుపోయాడు.

మూడో రోజుకు కళ్లు తెరిచింది. గూడెం నుంచి తల్లి వచ్చింది. వానకు దారులు తెగి, ఒక పూట నడిచి వచ్చిందట. ఎవరో ఆమెకు నేను పిల్లను వీపున మోసుకుని వాగు దాటించానని చెప్పారు. అది మాత్రమే చెప్పారు. ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, వచ్చీరాని తెలుగులో "నువ్వు లేకుంటె నా పిల్ల లేదు" అంది. బీడీల తునికాకు కోసి కోసి గరుకుబారిన చేతులు. వాటిని వదిలించుకుని పారిపోవాలనిపించింది.

అప్పుడు మంచం మీద పిల్ల నన్ను చూసింది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. "మేడం, నేను కూసోలే" అంది. "మీరు లేవుండ్రి అన్నంకనే పడ్డ. కథ బంద్ చెయ్యకుండ్రి."

తల్లికి అర్థం కాలేదు. "ఏమంటది?" అని నన్నే అడిగింది. స్నేహితురాలు పక్కనే ఉంది, కోయలో చెప్పగలదు, కానీ నేలచూపులు చూస్తోంది. చెప్పాల్సింది నేనే. ఆమెకు అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో షరతు చెప్పాను. స్వెటర్ చెప్పాను, వీపు వెనక చేతులు చెప్పాను, చప్పట్లు కూడా చెప్పాను. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. అంతా విన్నాక నా చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసుకుని, పిల్ల నుదుటి మీద పెట్టింది.

"మా పిల్లను ఇంక నిలబెట్టకు" అంది. కోపంగా కూడా అనలేదు.

సరేనన్నాను. ఆ మంచం పక్కన, నేల మీద, ఆ పిల్ల చూస్తుండగానే, ఒక్కతి కూసున్నా బంద్ అన్న నేనే కింద కూర్చున్నాను.