చమురు ఓడలో ఎవరి జుట్టు

మా కినుయో వదినకు తన జుట్టంటే మహా గర్వం. బియ్యానికి కటకటలాడే రోజుల్లో కూడా తలకు త్సుబాకి పూలచెట్టు గింజల నూనె ఎక్కడో ఒకచోట సంపాదించేది. ఆ గర్వానికి కారణం మా అన్నయ్యే. జిన్‌కిచి అన్నయ్య చేపల పడవలు కట్టే వడ్రంగి. మా తీరంలో కొత్త పడవ కడితే తెరచాప కొయ్య కింద చిన్న గుంట తొలిచి, అందులో ఒక ఆడమనిషి జుట్టు పెట్టి మూసేస్తారు. పడవ అమ్మవారు అందులోనే ఉంటుంది. అన్నయ్య కట్టిన ప్రతి పడవలోనూ వదిన జుట్టే. పిల్లలు లేని మనిషి, రేవులో నిలబడి అవన్నీ నా బిడ్డలే అనేది. ఎవరు నవ్వినా లెక్క చేసేది కాదు.

యుద్ధం వచ్చాక నౌకాదళం వాళ్ళు అన్నయ్యను తీసుకుపోయి ఒకిసాకి అనే కొత్త చమురు ఓడలో వడ్రంగిగా వేశారు. దక్షిణ సముద్రాల నుంచి చమురు నింపుకొచ్చి, నడిసముద్రంలోనే గొట్టాలు వేసి యుద్ధ నౌకలకు పట్టడం దాని పని. బిడ్డలకు పాలిచ్చే తల్లి లాంటిదని అన్నయ్య మురిసిపోయేవాడు. సెలవు మీద ఇంటికొచ్చినా దాని ఊసే. వదిన వడ్డిస్తూ, ఆ లావుపాటిదాన్నే కట్టుకోకపోయావా అని సణిగేది. ఇనప ఓడకు తెరచాప లేదు, అమ్మవారూ లేదు అన్నది ఆమె ధైర్యం. అన్నయ్య చేతులు ఊరుకుంటాయా? తన సామాన్ల గదిలో గోడ చెక్క వెనక ఒక పెట్టె అమర్చి అమ్మవారిని కూర్చోబెట్టానని తనే చెప్పాడు. ఎవరి జుట్టో చెప్పలేదు. వదిన జుట్టునైతే అడగలేదు.

సంగతి ఊరి స్నానాల ఇంట్లో బయటపడింది. రేవు పక్కన సాకే సారా కొట్టు నడిపే ఒసేన్, మొగుడు పోయిన మనిషి, తల తడుపుకోవడానికి వంగింది. మెడ వెనక ఒక పాయ మొదలంటా కత్తిరించి ఉంది. వదిన అడిగితే, కుంపటి నిప్పు తగిలి కాలిందని అబద్ధమాడింది. నిప్పుకు అంత తిన్నగా కత్తిరించడం ఎవరు నేర్పారో మరి.

వదిన ఏడవలేదు. అన్నం మానేసింది. ఓడ రేవుకు తిరిగొచ్చిన రోజున తన కొప్పు మొదలంటా కోసి, తువ్వాల్లో చుట్టి, నన్ను వెంట లాక్కుని రేవు గేటు దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య బయటికి రాగానే ఆ మూట చేతిలో పెట్టింది.

"ఏమయ్యా, దానిది తీసి పారెయ్. ఇది పెట్టు."

అన్నయ్య మూట తిరిగి ఇవ్వబోయాడు. "నీది పెట్టను కినుయో."

"ఏం, నాది ముసలి జుట్టయిపోయిందా?"

అన్నయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇట్లాంటి ఓడలు ఒక్కొక్కటిగా వెనక్కి రాకుండా పోతున్నాయే. పడవ మునిగితే జుట్టిచ్చిన మనిషి కూడా ఎంతోకాలం ఉండదని మా గురువు చెప్పేవాడు. నువ్వు బతికుండాలి."

ఇంకో ఆడదైతే అక్కడే కరిగిపోయేది. వదినకు ఇంకా మండింది.

"ఈ సంగతి దానికి తెలుసా?"

"తెలుసు. చెప్పాకే ఇచ్చింది."

మొగుడు తన ప్రాణం కోరుకున్నాడన్న సంతోషం వదినకు ఒక్క క్షణం కూడా లేదు. అతనితో మునగడానికి ఇంకొకత్తె ఒప్పుకుందన్నదే ఆమె కడుపుమంట. మూటను అతని చొక్కాలోకి కుక్కి, ఇది పెట్టకపోతే నువ్వు నాకు మొగుడివే కావంది. అన్నయ్య తలూపి వెళ్ళిపోయాడు. పెడతానని ఊపాడో, వెళ్ళొస్తానని ఊపాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకిసాకి తర్వాతి ప్రయాణంలోనే అన్నయ్యతో సహా పోయింది. నీళ్ళ కింద నుంచి తగిలిన దెబ్బకు చమురంతా అంటుకుందట. నీళ్ళలోకి దిగి ఏడాది కూడా నిండని ఓడ. కబురు మాకు చాలా ఆలస్యంగా చేరింది. వదిన ఇల్లు కడిగి, మంచి కిమోనో ఒకటి తీసి పక్కన పెట్టుకుని, చావు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు, ముఖం వెలిగిపోయేది. నాకు ఒళ్ళు మండి, పోయింది మా అన్న, ఏడవాల్సింది పోయి ఈ ముస్తాబేమిటని తిట్టాను. నలత తగ్గిపోయేది. జుట్టు మళ్ళీ పెరిగింది.

చలికాలం మొదట్లో ఒసేన్ జ్వరంతో పోయింది.

నా అన్నవాళ్ళు లేని మనిషి. కాల్చాక ఎముకలు ఏరడానికి ఇద్దరు కావాలి. పిలవకపోయినా వదిన నన్ను తీసుకుని వెళ్ళింది. ఒకే ఎముకను ఇద్దరం చెరో జత పుల్లలతో పట్టి కుండలో వెయ్యాలి. అలా దగ్గరగా వంగినప్పుడు మెల్లిగా అంది:

"చూశావా హమా, మీ అన్న నాది పెట్టలేదు."

ఆ జ్వరానికి వీధిలో ఇంకా చాలామంది పోయారని చెప్పాను. వినలేదు. వినే మనిషైతే అంత దూరం వచ్చేదే కాదు.

ఆ తర్వాత వదిన చాలా ఏళ్ళు బతికింది, నడుం వంగినా పళ్ళు ఊడలేదు. ఈ వయసులో ఎంత గట్టిగా ఉన్నావని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే ఆమెకు తిట్టినట్టే ఉండేది.

"ఉండక ఏం చేస్తాను? మా ఆయన వెంట రావద్దన్నాడుగా" అని తలుపు వేసుకునేది.