గుహలో పొరలు పొరలుగా మేకల మేత

ప్రయోగశాలలో ఆమెను అందరూ పెంటికలక్క అనేవారు. మొదట్లో చాటుగా, తర్వాత మొహం మీదే. ఆమె కూడా ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టింది. వేల ఏళ్ల కిందట మేకలు వేసి, గుహల్లో రాయిలా బిగుసుకుపోయిన పెంటికల్ని మందునీళ్లలో నానబెట్టడం, మెత్తబడ్డాక వడకట్టి, మిగిలిన పిప్పిని సూక్ష్మదర్శిని కింద పరచి ఆ మేక ఏం మేసిందో చెప్పడం ఆమె ఉద్యోగం. నానాక కొన్నిటికి పాత వాసన తిరిగొచ్చేది. పక్కగది వాళ్లు కిటికీలు తెరిస్తే, ఆమె ముక్కు ఇంకాస్త దగ్గర పెట్టేది. మందల ఇంట్లో పుట్టిన మనిషి మరి.

రాజుల గొప్ప చెప్పడానికి శాసనాలున్నాయి, కోటలున్నాయి. మేకలు కాచుకున్నవాళ్లకు ఏముంది? వాళ్లు వదిలి వెళ్లిన ఆనవాలు ఇదే.

ఆ ఏడు, కొండ మీది మందలన్నిటినీ దించెయ్యాలని అటవీశాఖ నోటీసు ఇచ్చింది. అడవిని తినేసింది మేకలేనట. కొండను తొలిచేస్తున్న క్వారీల ఊసు ఆ కాగితంలో లేదు. ఆమె తమ్ముడి మంద మేసేది ఆ కొండ మీదే. అక్కడి గుహలో తవ్విన పెంటికలు అక్క బల్ల మీదికే వచ్చాయని తెలిసి అతని ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నాళ్లూ నువ్వేం ఉద్యోగం చేస్తున్నావో నలుగురిలో చెప్పుకోలేక చచ్చాను. ఇప్పటికి అక్కరకొచ్చింది" అన్నాడు.

అడుగు పొర తమ్ముడి పక్షమే మాట్లాడింది. పెంటికల నిండా పెద్ద చెట్ల ఆకుల తునకలు, పుప్పొడి. మేకా అడవీ తరతరాలు కలిసే బతికాయన్నమాట. మధ్య పొర దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పెంటికలు దట్టంగా ఉన్నాయి, వాటిలో ఆకు లేదు. ముళ్లకంప, బెరడు. మందలు పెరిగిపోయి కొండను గీకి తిన్నాయి. మరో ముక్క నానబెట్టి చూసింది. అదే.

తమ్ముడికి దాచకుండా చెప్పింది.

"ఆ మధ్య ముక్క ఎవడడిగాడే నిన్ను? మింగెయ్. వాళ్లు క్వారీల సంగతి మింగలేదూ?"

"మింగితే రేపు వాళ్ల మనిషొకడు అదే పొర చూపిస్తాడు. అప్పుడు అడుగున ఉన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరురా."

"నీకేం, నెల తిరిగితే జీతం. రోడ్డున పడేది నేను" అని వడ్డించిన అన్నం తినకుండానే లేచి వెళ్లిపోయాడు.

నోటీసు మీద విచారణ జరిగిన రోజున తమ్ముడు మిగతా కాపరులతో పాటు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఏ పొరనూ వదలలేదు. మధ్య పొర దగ్గరకొచ్చేసరికి అధికారి కలం చురుగ్గా కదిలింది. ఆమె ఆగకుండా పైకి వెళ్లింది. ముళ్లకంప పొర మీద పెంటికలే లేని మట్టి పేరుకుంది, అందులో చెట్ల పుప్పొడి మెల్లగా పెరిగింది. దాని మీద మళ్లీ పెంటికలు, వాటిలో మళ్లీ ఆకులు.

"మంద వెళ్లింది, అడవి కోలుకుంది, మంద తిరిగొచ్చింది. ఎవరైనా తరిమారో, కాపరులే వెళ్లారో నాకు తెలీదు. పెంటిక చెప్పేది అంతవరకే."

"వాళ్లే వెళ్లుంటారు" అన్నాడు వెనక నుంచి తమ్ముడు. అందరూ తిరిగి చూసేసరికి తడబడ్డాడు. కొండంతా ఖాళీ చెయ్యక్కర్లేదని, వంతులవారీగా ఒక్కో వాలు విడిచిపెడితే చాలని, తన తాతలు చేసిందీ అదేనని, తామే మానేశామని కూడబలుక్కుంటూ చెప్పాడు.

అధికారి కలం పక్కన పెట్టాడు. "సరే. ముందు ఏ వాలు వదులుతారు?"

కాపరులు తలలు దించుకున్నారు. ఏది బోడిగా ఉందో వాళ్లందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు, అందుకే తమ్ముడి వైపు చూడలేదు.

"తూర్పుది" అన్నాడు అతను. "నా మంద మేసేది అక్కడే."