అత్తయ్యగారితో ద్రాక్షతోటకి

మా ఇంట్లో వైన్ తాగేది నేను. మా ఆయన చుక్క కూడా ముట్టరు. అత్తయ్య మా దగ్గరికి వచ్చిన ఐదు నెలలూ ఈ సంగతి ఆవిడకు తెలియకుండా నెట్టుకొచ్చాను, స్టీలు గ్లాసులో పోసుకుని, మజ్జిగ తాగుతున్నంత వినయంగా. ఆవిడ బంధువులందరికీ ఫోన్ చేసి "బంగారంలాంటి కోడలు" అంటుంటే పక్క గదిలోంచి విని మురిసిపోయేదాన్ని. ఆ పేరు పోగొట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అంత భయమున్నదాన్ని ఇంట్లో పడి ఉండొచ్చు కదా! ఉండలేదు. సియాటిల్ దగ్గరి ఒక దీవిలో నేను ఏటా వెళ్లే వైనరీ ఉంది. కొత్త వైన్ వచ్చిందని వాళ్లు మెయిల్ పెట్టారు. "అత్తయ్యా, ద్రాక్షతోట చూద్దురుగాని రండి" అన్నాను. మా ఆయనతో కలిసి ముగ్గురం కారుతో సహా ఫెర్రీ ఎక్కాం.

తోట ఆవిడకు తెగ నచ్చింది. సాళ్ల మధ్య గొర్రెలు గడ్డి మేస్తున్నాయి. రసం పిండేసిన పిప్పిని కుప్పపోసి ఎరువు చేస్తున్నారు. మందులు కొట్టరని చెప్తే, "మంచి రైతులమ్మా" అని మెచ్చుకున్నారు.

లోపల కౌంటర్ దగ్గరున్నావిడ నన్ను చూడగానే, పోయినసారి కొన్న తెల్ల వైన్ ఎలా ఉందని ఇంగ్లిష్‌లో అడిగింది.

"ఏమంటోంది?" అన్నారు అత్తయ్య.

"ప్రయాణం బాగా జరిగిందా అంటోంది."

రుచి చూడ్డానికి గ్లాసులో పోస్తూ, మీకిష్టమైన ఎర్రది ఇంకొంచెం ఎక్కువ పోయనా అంది. "మీ చీర బాగుందట" అన్నాను. అత్తయ్య కొంగు సర్దుకున్నారు. తెల్లది పచ్చిమామిడి ముక్క కొరికినట్టు పుల్లగా ఉంది. ఎర్రది నేరేడుపండులా నాలుకను పట్టేసింది. ఏంటది అని అత్తయ్య అడిగితే ద్రాక్షరసం అని చెప్పాను.

మూడో మాట మాత్రం, ప్రమాదం లేదు కదా అని, నిజంగానే చెప్పాను. ఖాళీ సీసాలు తెచ్చిస్తే కడిగి మళ్లీ నింపుతారట.

"అయితే మనింట్లో పద్నాలుగున్నాయని చెప్పు."

"ఏవత్తయ్యా?"

"రీసైక్లింగ్ డబ్బాలో పడేస్తున్నారుగా. గట్టి సీసాలు. మనసొప్పక కడిగి గరాజ్‌లో దాచాను, నువ్వులనూనె పోసుకోవచ్చని."

ఆవిడ నా వైపు చూడనేలేదు. కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

"ఇక మానెయ్ నాన్నా. ఆ పిల్ల పైకి చెప్పుకోదు పాపం."

మా ఆయన నా వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని, "సరేనమ్మా" అన్నారు.

నా పేరు భద్రంగా ఉంది. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. మూసుకుందామనే అనుకున్నాను కూడా. కానీ అత్తయ్య కళ్లొత్తుకున్నారు. చచ్చేంత సిగ్గేసింది.

"అవి నావత్తయ్యా. ఆయన ముట్టరు. ఇదీ వైనే."

ఆవిడ గ్లాసును చూశారు, నన్ను చూశారు.

"పద్నాలుగూ?"

"పద్నాలుగూ."

"వీడు మానాలని శనివారం శనివారం పస్తులుంటున్నానే! ఇవాళా పొద్దున్నుంచి మంచినీళ్లే."

ఆ ఉపవాసాలు వెంకన్న మీద భక్తి అనుకుని ఇన్నాళ్లూ హాయిగా తిని కూర్చున్నాను. క్షమించమని అడగబోయాను. ఆవిడ వినకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నీ కోసం మాత్రం నేను కడుపు మాడ్చుకోను. తినడానికేముందో అడుగు."