నైట్ షిఫ్టు ఇంట్లో పసిబిడ్డ

మా అత్తగారింట్లో గట్టిగా మాట్లాడటం తప్పు కాదు, నేరం. చిట్కుల్‌లో రెండు గదుల ఇల్లు మాది. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు తిరుగుతాయి గానీ, నాకు కాన్పు అయిన రోజుల్లో మనుషులు తక్కువై ఆయనకు వరుసగా నైటే పడింది. పొద్దున వచ్చి, రెండు ముద్దలు తిని పడుకునేవాడు. ఆయన నడుం వాల్చగానే అత్తమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టేది. కుక్కర్ కూత వేయకూడదు. గిన్నె గిన్నెకు తగలకూడదు. కూరగాయల బండి అతను కూడా మా వాకిలి దాటాకే కేక వేసేవాడు. అంతగా భయపెట్టి ఉంచింది. ఆ అలవాటుకు, కొడుకు ఇంట్లో లేనప్పుడూ ఆమె గొంతు గుసగుస దాటేది కాదు.

ఆమె భయానికి కారణం ఉంది. మా మామ రేకులు నొక్కే ప్రెస్ మిషన్ మీద పనిచేసే రోజుల్లో, పగటి నిద్ర చాలక, రాత్రి డ్యూటీలో కునుకు పట్టి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. మామ పోయి చాలా ఏళ్లయింది. కొడుకూ అలాంటి మిషన్ మీదే చేరాడు. పొద్దున కొడుకు ఇంటికి రాగానే ఆమె ముఖం చూడదు, ముందు చేతులు చూస్తుంది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. మా ఇంట్లో అత్త ఉన్నా నేను ఉత్తమురాలినే. గుసగుసల్లో పోట్లాడటం ఎవరి వల్ల అవుతుంది?

మా అమ్మ కాలు విరిగి మంచం పట్టడంతో, ఆస్పత్రి నుంచి నన్ను పుట్టింటికి కాక ఇక్కడికే తెచ్చారు. పుట్టింది ఆడపిల్ల. బంగారంలా పడుకునేది, పగలంతా. పాలకు లేచి, తాగి, మళ్లీ తొట్టెలలో వేస్తే ఉలుకూ పలుకూ లేదు. చూడవచ్చినవాళ్లంతా బుద్ధిమంతురాలన్నారు. ఆయన డ్యూటీకి బయలుదేరగానే దుప్పట్లు తీసేవాళ్లం, లైట్లు వేసేవాళ్లం, టీవీ పెట్టేవాళ్లం. పగలు ఆపుకున్న పనులన్నీ అప్పుడే. పిల్ల కళ్లు విప్పేది. ఇక తెల్లారేదాకా మూసేది కాదు.

నాకు నిద్ర లేదు. పాలిస్తూ కూర్చునే తూగి, ఒకసారి పిల్ల ఒడిలోంచి జారబోతే అత్తమ్మ పట్టుకుంది. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నర్సమ్మకు చెప్పుకుని ఏడ్చాను. ఆమె అంతా విని, పగలు వెలుతురూ మాటలూ, రాత్రి చీకటీ ఉండాలి, మీ ఇంట్లో అంతా తలకిందులు అంది. నిజమే. పిల్ల తప్పేమీ లేదు, ఇల్లు ఏది నేర్పితే అది నేర్చుకుంది.

మా ఇంటికి రెండిళ్ల అవతల, వీధంతా చాచీ అని పిలిచే ఒక పెద్దామె ఉంది. ఆమె ముందుగదిలో కుట్టుమిషన్ పగలంతా గడగడలాడుతూనే ఉంటుంది. పగటిపూట పిల్లను నా దగ్గర ఉంచు బేటీ, అని తనే అంది. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"మూడు నెల్లు నిండకుండ పసిపిల్లను గడప దాటిస్తరా? సూదికి పోవుడంటె తప్పదు. ఊకె తిప్పితె దిష్టి తాకుతది," అంది గుసగుసగా.

"మరి దుప్పట్లన్న తియ్యి అత్తమ్మా."

"వాడు పండుకోవద్దా? వాని చేతులు నీకు అక్కెర లేవా?"

అప్పుడు నా ఓపిక తెగింది. "నీ కొడుక్కే నిద్ర గావాలె, నాకు వద్దా? రేపు పిల్ల నా చేతులకెల్లి జారిపడ్తె ఏం జేస్తవ్?" అని అరిచాను. ఆ ఇంట్లో అంత గొంతు ఎవరూ విని ఉండరు.

ఆయన ఎర్రటి కళ్లతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మళ్లీ పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు, అలాగే డ్యూటీకి వెళ్లాడు. ఆ రాత్రి అత్తమ్మ పక్క వేయలేదు. నా కోపం ఎక్కడికీ పోలేదు, దాని పక్కనే భయం వచ్చి కూర్చుంది. తెల్లారి ఆయన వచ్చినప్పుడు ముందు చేతులు చూసింది నేనే. పది వేళ్లూ ఉన్నాయి.

ఆయన పడుకున్నాక అత్తమ్మ ఎప్పటిలాగే దుప్పట్లు కట్టింది. తర్వాత పిల్ల అరికాలికి కాటుక చుక్క పెట్టి, నెత్తికి గుడ్డ చుట్టి, ఎత్తుకుని గడప దాటింది. "చాచీ ఇంట్ల ఉంటం. పాల యాళ్లకు రా. అందాక నువ్వు గూడ జెర పండుకో," అంది.

అలవాటు ఒక్కరోజులో మారలేదు. సాయంత్రం ఒళ్లంతా నూనె రుద్ది స్నానం, కడుపునిండా పాలు, ఆయన వెళ్లగానే లైట్లు బంద్, టీవీ బంద్. మొదట్లో పిల్ల చీకట్లో కూడా పేచీ పెట్టింది. ఒకసారి పాలకు లేచాక మళ్లీ లేచేలోపు రాత్రి నిద్ర మెల్లమెల్లగా సాగింది. నేనూ మనిషినయ్యాను.

ఒక మధ్యాహ్నం పాలివ్వడానికి వెళ్తుంటే చాచీ ఇంట్లోంచి ఒక గొంతు వీధిలోకి వినిపించింది. మిషన్ చప్పుడును మించి, "ఓ నా దొంగపిల్లా, కండ్లు మూస్తవా? మూయనిస్తనా నేను?" అని రాగం తీస్తోంది. చాచీ చుట్టాలెవరో వచ్చారనుకున్నాను. లోపల చూస్తే అత్తమ్మ. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అసలు గొంతు అదని నాకు తెలియదు. నన్ను చూడగానే టక్కున గుసగుసలోకి దిగింది.

"వీళ్ల నాయినను నేను గిట్ల ఎన్నడు ఆడియ్యలే బిడ్డా. మీ మామ పొద్దంత పండుకునేటోడు. వాడు ఎట్ల పెరిగిండో, ఒక్కనాడు గట్టిగ పిల్సుకోలే."

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లను అందుకోకుండా ఆమె పక్కనే కూర్చున్నాను.

"ఆపకు అత్తమ్మా. ఈడ ఎవ్వలు పండుకోలే," అన్నాను.

ఆమె మొదట మెల్లగా, తర్వాత మిషన్ చప్పుడును మించి, మళ్లీ రాగం అందుకుంది.