రెండో గోల్‌కీపర్ పని

కెనడా వచ్చాక ఫారం నింపకుండా నేను మొదలుపెట్టిన పని ఒక్కటే, గోల్‌కీపింగ్. మిగతా అన్నిటికీ నింపాను. కాలేజీకి, వర్క్ పర్మిట్‌కి, హెల్త్ కార్డుకి. ఆఖరికి బేస్‌మెంట్ గది అద్దెకిచ్చిన ఆంటీ కూడా రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఆవిడది కాకినాడ, మాదీ అటువైపే, ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం. అయినా సంతకం సంతకమే అంది.

నేను పనిచేసేది రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఇండోర్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో. కౌంటర్‌లో కూర్చుంటాను, జనం లేనప్పుడు నేల తుడుస్తాను. ఇంటర్ ఎలాగో గట్టెక్కి ఇక్కడ ఏడాది హోటల్ కోర్సు చేసినదానికి ఇది మంచి ఉద్యోగమే. ఒకరోజు తుడుస్తుంటే వల మీదుగా ఒక బంతి నా మొహం మీదికి దూసుకొచ్చింది. చేతిలో మాప్ ఉంది. దాన్ని వదలకుండానే రెండో చేత్తో బంతిని పట్టేశాను. స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడిన అలవాటు. ఆడవాళ్ల టీముకి కోచ్‌గా ఉన్న చైనా ఆయన నడుచుకుంటూ వచ్చి, నా చేతిలోంచి బంతి తీసుకుని, నాలుగడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ విసిరాడు. పట్టుకున్నాను. ఇంకోటి గట్టిగా విసిరాడు. అదీ పట్టుకున్నాను.

"రేపు పొద్దున్న ఆరింటికి రా," అన్నాడు.

ఆయన చైనాలో ప్రొఫెషనల్ గోల్‌కీపర్. చేతులు పొడుగని పదేళ్ల వయసులోనే స్పోర్ట్స్ స్కూల్లో వేశారట. తర్వాత ఒకే క్లబ్బులో పన్నెండేళ్లు ఉన్నాడు. జనం అరుస్తుంటే పక్కవాడి మాట వినపడని స్టేడియాల గురించి, మంచుని పారలతో పక్కకి తోసి ఆడిన మ్యాచ్‌ల గురించి చెప్పేవాడు. ఆయనది ముక్కల ఇంగ్లిష్, నాది అతుకుల ఇంగ్లిష్, ఇద్దరికీ చక్కగా సరిపోయేది. ఆ మ్యాచ్‌ల్లో గోల్ ముందు నిలబడింది ఎవరని నేనెప్పుడూ అడగలేదు. ఆయనే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు కదా!

ఐదు నెలలు నేర్పాడు. తన్నే కాలు కాదు, నేల మీద ఆనించిన కాలు చూడమనేవాడు. అది ఎటు తిరిగి ఉంటే బంతి అటే వస్తుందట. మ్యాచ్ ముందు గ్లవ్స్ అరచేతులు నీళ్లతో తడిపించేవాడు, పొడిగా ఉంటే బంతి జారిపోతుందని. మోకాళ్ల మీద పడితే తిట్టేవాడు, తుంటి పక్కగా పడాలి. ఆ తుంటి కమిలిపోయి నీలంగా అయ్యేది. బస్సులో ఒక పక్కకే కూర్చునేదాన్ని.

"బంతి ఆపడానిక్కూడా కోచింగేంటే? మేం గేదెల్ని ఆపేవాళ్లం, మాకెవడిచ్చాడు కోచింగు?" అనేది ఆంటీ, నా తుంటికి జండూబామ్ లాంటిదేదో రాస్తూ.

"గేదె తన్నితే పాయింట్ పోదు కదా ఆంటీ."

"పళ్లు పోతాయే!"

రోజూ నాకు నేర్పడం అయ్యాక మొదటి గోల్‌కీపర్ వచ్చేది. నర్సు, నాకంటే పెద్దది, మంచి మనిషి. ఆవిడ చేతులు వేడెక్కేదాకా నేను బంతులు వేయాలి. ఛాతీ ఎత్తులో కొన్ని, నేలబారుగా కొన్ని, తల మీదుగా కొన్ని. ప్రతి టీములోనూ రెండో గోల్‌కీపర్ పని ఇదేనని కోచ్ చెప్పాడు. మ్యాచ్ రోజుల్లో కూడా ముందు అరగంట అదే చేసి, కౌంటర్‌కి వెళ్లిపోయేదాన్ని, డ్యూటీ ఉండేది కాబట్టి.

"నా మ్యాచ్ ఎప్పుడు కోచ్?" అని వారానికోసారి అడిగేదాన్ని.

"వస్తుంది. రెడీగా ఉండు."

ఒక్క మ్యాచ్ చాలు నాకు. ఒక్కసారి ఆ గోల్ మూడు కర్రల మధ్య నిలబడితే చాలనుకునేదాన్ని.

సీజన్ ఆఖరి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు నర్సుకి కుడి చేతి బొటనవేలు వాచింది. నేను సంతోషించాను. దేవుడు క్షమించాలి, తర్వాతి ఆదివారం చర్చిలో దానికి క్షమాపణ కూడా అడిగాను. సంతోషం ఎందుకంటే, వేలు వాచిన సాయంత్రమే కోచ్ ఫోన్ చేసి, "శనివారం డ్యూటీ మార్చుకో. గ్లవ్స్ తెచ్చుకో," అన్నాడు. ఇంకేం కావాలి? ఆంటీకి చెప్పాను. ఆవిడ పులిహోర కలిపి, స్కార్ఫు చుట్టుకుని, నాతో బయల్దేరింది.

శనివారం గ్రౌండ్‌లో టీము మేనేజర్ రిఫరీకి ఇచ్చే లిస్టు చదువుతోంది. నా పేరు కోసం నిలబడ్డాను. అయిపోయింది, నా పేరు రాలేదు.

"నా పేరు మర్చిపోయారు," అన్నాను.

ఆవిడ కాగితం తిప్పి చూసింది. "నువ్వు రిజిస్టర్ కాలేదు కదా. అది సీజన్ మొదట్లోనే క్లోజ్ అయింది, నువ్వు రాకముందే. మధ్యలో ఎవర్నీ చేర్చనివ్వరు. కోచ్ నీకు చెప్పలేదా?"

అప్పుడే కోచ్ నర్సుని తీసుకొచ్చాడు. బొటనవేలికి తెల్ల టేపు చుట్టి ఉంది. "బంతులు ఎడం వైపే వెయ్యి. మెత్తగా. కుడి చేతికి నొప్పి పుట్టకూడదు," అన్నాడు నాతో.

వేశాను. నర్సు తప్పేముంది? ఎడం వైపే వేశాను, మెత్తగా వేశాను, ఒక్కటి కూడా కుడికి పోలేదు. మ్యాచ్ మొదలైపోయిందనుకుని ఆంటీ పై గ్యాలరీలోంచి ఒకటే చప్పట్లు. వెళ్లి పక్కన కూర్చుంటే, "ఏమే, అప్పుడే అయిపోయిందా నీ ఆట?" అంది.

మ్యాచ్ అయ్యాక కోచ్ బంతులు సంచిలో వేసుకుంటున్నాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"నన్ను ఆడనివ్వరని మీకు తెలుసా?"

"తెలుసు."

"మొదటి రోజే?"

"మొదటి రోజే. చెప్తే వచ్చేదానివా?"

ఆయన ఇంకో బంతి సంచిలో వేశాడు.

"క్లబ్బులో పన్నెండేళ్లున్నాను. ఆడింది మూడు మ్యాచ్‌లు. మిగతా రోజులన్నీ నువ్వు ఇవాళ చేసిన పనే చేశాను. మా కోచ్ కూడా 'వస్తుంది, రెడీగా ఉండు' అనేవాడు. ఆడతానని నమ్మినవాడు వేసే బంతి వేరుగా ఉంటుంది. ఆడనని తెలిస్తే చేతిలో బద్ధకం వస్తుంది. అప్పుడు మొదటి గోల్‌కీపర్ పాడవుతాడు. నీ బంతులు చాలా బాగుంటాయి."

తుంటి పక్కగా పడమని చెప్పినట్టే చెప్పాడు. అదే గొంతు, అదే ఓపిక. ఇది కూడా నాకు నేర్పుతున్నాడు!

"మీకలా చేస్తే మీకు కోపం రాలేదా?"

"వచ్చింది."

"మరేం చేశారు?"

"మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లాను," అని సంచి తాడు బిగించాడు.

ఆంటీ కారు ఎక్కాక జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఆగలేకపోయింది. "గోడకేసి కొట్టుకున్నా బంతి తిరిగొస్తుంది కదే. గోడ దొరక్క నిన్ను పెట్టుకున్నాడా?" అని, నా మొహం చూసి, డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టింది. అంతసేపూ రాని ఏడుపు పులిహోర తింటుంటే వచ్చింది.

తెలియనివాడు చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఈయనకి ఆడకుండా కూర్చోబెట్టే ఆ బెంచీ తెలుసు. పన్నెండేళ్లు కూర్చుని లేచి వచ్చి, నాకు అదే చోటు చూపించాడు. నాదీ తప్పుంది. ప్రతిదానికీ కాగితం అడిగే దేశంలో ఉండి, నేర్పేవాణ్ణి మాత్రం కాగితం చూపించమనలేదు. ఎలా అడుగుతాం? మా స్కూల్లో గేమ్స్ మాస్టార్ని అలా అడిగితే చెంప పగలగొట్టేవాడు.

సోమవారం మేనేజర్ దగ్గరికెళ్లి వచ్చే సీజన్ ఫారం తెచ్చుకున్నాను. పొజిషన్ అన్నచోట గోల్‌కీపర్ అని రాశాను. కింద కోచ్ సంతకం చెయ్యాలి. తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన మొత్తం చదివాడు.

"ఇది పంపితే నీకు మ్యాచ్ ఇవ్వాల్సి వస్తుంది."

"అవును కోచ్."

ఫారం మడిచి ట్రాక్‌సూట్ జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఆరింటికి రా," అన్నాడు.

"సంతకం పెట్టాక వస్తాను."

మూడు వారాలైంది. పొద్దున్నే ఆయనే నర్సుకి బంతులు వేస్తున్నాడు. నేను కౌంటర్‌లో ఉంటాను. అటుగా వెళ్లేటప్పుడు తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. ఫారం పెట్టుకున్న జేబులోంచి చెయ్యి మాత్రం బయటికి తీయడు.